ముల్కీ నుండి బడిపత్రము వఱకు

మన బెజవాడలో మధ్యతరగతి గృహముల బీరువాలు తెఱచి చూచినచో, పెండ్లిపత్రికల క్రిందను, పొలము దస్తావేజుల ప్రక్కను, గుడ్డసంచిలో భద్రపఱచిన కొన్ని కాగితములు కానవచ్చును. నాలుగవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు పిల్ల యే యూర, ఏ బడిలో చదివినదో తెలుపుచు ప్రధానోపాధ్యాయులు ముద్రవేసి యిచ్చిన పత్రములవి. వాడుకలో వానిని స్టడీ సర్టిఫికెట్లందురు. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునప్పుడును, కళాశాలలో సీటు కోరునప్పుడును ఆ కాగితములకై తలిదండ్రులు మూతపడిన బడుల చిరునామాలు వెదకుచు తిరుగుట చదువరు లెఱిగినదే. మార్కుల పట్టీ యున్నది, పుట్టిన తేదీ పత్రమున్నది, మఱి యీ బడిపత్రము లెందులకని విసుగుకొనువారు పలువురు. ఇవి గుమాస్తాల కల్పన యని తలచువారును కలరు. అట్లు కాదు. భారత రాజ్యాంగమునకు 1973వ సంవత్సరమున జరిగిన ముప్పదిరెండవ సవరణకు ఈ కాగితములు సంతానము. ఆ సవరణ యెట్లు పుట్టెను, న్యాయస్థానములు దానిని మన రాష్ట్రమునకు ఎట్లు వర్తింపజేసెను, అందులో ఏది నిలిచెను, ఏది కొట్టివేయబడెను అను విషయము వకీళ్లకే కాక గృహిణులకును తెలియదగినదని మా యభిప్రాయము.

రాజ్యాంగ సవరణలకును రాష్ట్రములకును గల సంబంధము అన్ని దేశములందు నొక్క తీరున పెరుగలేదు. అమెరికాలో 1791లో చేర్చబడిన తొలి పది సవరణలు పౌరుల హక్కులను చెప్పినవే కాని, అవి కేంద్ర ప్రభుత్వమునే కట్టివేయునని, రాష్ట్రములను కట్టవని 1833లో బాల్టిమోరు రేవుకట్ట యజమాని తెచ్చిన వ్యాజ్యమున అచ్చటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అంతర్యుద్ధము ముగిసి 1868లో పదునాల్గవ సవరణ వచ్చిన తరువాత, అదియు వెంటనే కాక, ఇరువదవ శతాబ్దమున ఒక్కొక్క వ్యాజ్యమున ఒక్కొక్క హక్కు చొప్పున రాష్ట్రములకు వర్తింపసాగెను. మనకా చిక్కు లేదు. మన ప్రాథమిక హక్కులు 1950 జనవరి 26 నుండియు కేంద్రమును, రాష్ట్రములను, గ్రామ పంచాయతీని సహితము కట్టివేయుచునే యున్నవి. మనకు వచ్చిన చిక్కు దానికి తలక్రిందైనది. అందఱికి సమానమైన హక్కును ఒక్క రాష్ట్రము కొఱకు, అందులో ఒక భాగము కొఱకు, ఎంతవఱకు సడలింపవచ్చును? ఎవరు సడలింపవచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో తెలుగువారు రెండు ప్రాంతములందును ప్రాణములు కోల్పోయిరి.

నిజాము ప్రభువు 1919లో ముల్కీ నిబంధనలను జారీచేసెను. ముల్కు అనగా దేశము. ముల్కీ అనగా దేశస్థుడు. సంస్థానమున కొలువులు దేశస్థులకే దక్కవలెననుట ఆ నిబంధనల తాత్పర్యము. పరదేశపు విద్యావంతులు వచ్చి యున్నత పదవులన్నియు నాక్రమించుచుండగా స్థానికులు చిన్న కొలువులకైన నోచుకొనకుండిరి గనుక, ఆ కోరికను మేము తప్పుపట్టజాలము. కాని దేశస్థుడెవరని నిర్ణయించుటలో ఆ నిబంధనలు కాలానుగుణమైన దృష్టినే చూపినవి. తండ్రి ముల్కీ యైనచో బిడ్డ పుట్టుకతో ముల్కీ. పదునైదేండ్లు అచ్చట స్థిరముగ నివసించి, వెనుకటి యూరికి మరలిపోవు తలంపు విడిచితినని ప్రమాణపత్ర మిచ్చినవాడు ముల్కీ. ఇక స్త్రీ మాట యేమి? ముల్కీని పెండ్లాడినచో ఆమెయు ముల్కీ. తండ్రి యూరు, మగని యూరు తప్ప ఆమె చదువు, ఆమె శ్రమ, ఆమె స్వయముగ నడచిన వీథి ఆ లెక్కలోనికి రాలేదు. స్త్రీ విద్యను గూర్చి ఇంతకాలముగ వాదించుచు వచ్చిన మనము ఈ చిన్న వాక్యమును దాటిపోగూడదు.

హైదరాబాదు సంస్థానము 1948లో భారతదేశమున కలిసెను. రాజ్యాంగము 16వ అధికరణమున నివాసమును బట్టి ప్రభుత్వోద్యోగములలో భేదము చూపరాదని శాసించి, ఆ వెంటనే, కావలసినచో పార్లమెంటు మాత్రము ఒక రాష్ట్రమున నివాసముండవలెనను నియమమును చట్టముగ చేయవచ్చునని వెసులుబాటు కల్పించెను. పార్లమెంటు మార్చు వఱకు పాత నియమములు సాగవచ్చునని 35వ అధికరణము చెప్పెను. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతముల నాయకులు ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందము చేసికొని, తెలంగాణమునకు ఉద్యోగములలో రక్షణ యుండునని మాట యిచ్చిరి. ఆ నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. ఏడవ సవరణచే 371వ అధికరణమున తెలంగాణ శాసనసభ్యులకొక ప్రాంతీయ సంఘము దక్కినది. కాని కొలువుల మాట రాజ్యాంగములోనికి ఎక్కలేదు. దానిని 1957లో పార్లమెంటు చేసిన ఒక సాధారణ చట్టమునకు వదలివేసిరి. ఆ చట్టము ఒక చేతితో దేశమంతట పాత నివాస నియమములను రద్దుచేసి, మఱియొక చేతితో తెలంగాణమునకు క్రొత్త నియమములు చేయుట కనుమతించెను.

మా దృష్టిలో తరువాతి కష్టములన్నిటికి మూలమిదియే. గుమ్మమునకు వేయవలసిన గడియను కిటికీకి వేసిరి. 1969 మార్చి 28న ఏ.వి.ఎస్. నరసింహారావుగారి వ్యాజ్యమున, ముఖ్య న్యాయమూర్తి హిదయతుల్లాగారు అధ్యక్షులుగా నున్న సుప్రీముకోర్టు ధర్మాసనము ఆ గడియను ఊడదీసెను. పార్లమెంటు నివాస నియమమును చేయవచ్చును, కాని రాజ్యాంగము రాష్ట్రమున నివాసమని చెప్పినదే కాని రాష్ట్రములో నొక భాగమున నివాసమని చెప్పలేదు. కావున తెలంగాణమునకు మాత్రమే యుద్దేశింపబడిన మూడవ సెక్షను చెల్లదు అని తీర్పు. ఆ సంవత్సరము జనవరి నుండియే తెలంగాణమున విద్యార్థుల ఉద్యమము రగులుచుండెను. ఈ తీర్పుతో వారికి, ఒప్పందమే చెల్లలేదన్నట్లు తోచెను. తోచుటలో తప్పేమి? మాట యిచ్చినవారు ఆ మాటను నిలువని కాగితముపై వ్రాసియిచ్చిరి కదా. పోలీసు కాల్పులలో అనేకులు మరణించిరి. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితికి పది స్థానములు లభించెను.

ఇంక మన తీరమునకు వత్తము. 1957 చట్టము చెల్లనప్పుడు, దానిచే రద్దయినవనుకొన్న ముల్కీ నిబంధనల గతి యేమను ప్రశ్న పుట్టెను. 1972లో హైదరాబాదు హైకోర్టు అవి లేవని చెప్పగా, అదే సంవత్సరము అక్టోబరు 3న సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, అవి ఇంకను జీవించియే యున్నవని నిర్ణయించెను. నిజాముగారి పాత ఫర్మానా స్వతంత్ర భారతమున నిద్రలేచి కూర్చున్నది. తమ రాష్ట్ర రాజధానిలో తమ బిడ్డలు పదునైదేండ్లు కాపురముంటే తప్ప గుమాస్తా కొలువునకు తగరని విన్నప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాలవారికి కలిగిన అవమానము సామాన్యమైనది కాదు. విజయవాడ జై ఆంధ్ర ఉద్యమమునకు గుండెకాయ యయ్యెను. కళాశాలలు మూతపడెను, రైళ్లు నిలిచెను, ఉద్యోగులు నెలల తరబడి సమ్మెచేసిరి. నవంబరు నుండి కాల్పులు జరిగి పలు పట్టణములలో ప్రాణములు పోయెను. కృష్ణా జిల్లా నాయకులైన కాకాని వెంకటరత్నముగారు ఆ డిసెంబరులోనే గుండె యాగి మరణించిరి. తెన్నేటి విశ్వనాథముగారు, గౌతు లచ్చన్నగారు ఉద్యమమును నడిపిరి. 1956 ఒప్పందముపై ఆంధ్రుల పక్షమున చేవ్రాలు చేసిన నలువురిలో లచ్చన్నగారొకరను సంగతి ఆనాడు వేదికలపై ఎవరికిని గుర్తురాలేదు కాబోలు!

మనవారు ఆ దినములలో సుప్రీముకోర్టును దూషించిరి. మూడేండ్ల క్రిందట తెలంగాణమువారును అదే కోర్టును దూషించిరి. ఒకే న్యాయస్థానము ఒకసారి వారికి విరోధి, ఒకసారి మనకు విరోధి యెట్లయ్యెను? రెండుసార్లును అది రాజ్యాంగమందలి పదములను చదివి, వాని ఫలితమును చెప్పినది. పదములే చాలనప్పుడు పదములను మార్చుట న్యాయమూర్తి పని కాదు, పార్లమెంటు పని. ఈ మాట 1972లో బెజవాడ వీథిలో నిలిచి చెప్పగలవారు లేకపోయిరి. మా పెద్దలును చెప్పలేదని ఒప్పుకొందుము.

ఆ డిసెంబరులో పార్లమెంటు ముల్కీ నిబంధనల చట్టమును హడావుడిగా చేసి, రాజధాని జంటనగరములలో 1977 చివరి వఱకును, తక్కిన తెలంగాణమున 1980 చివరి వఱకును నియమములు సాగునని గడువు పెట్టెను. అది ఎవరికిని రుచింపలేదు. పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గము పోయి, 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చెను. సెప్టెంబరు 21న ఆరుసూత్రముల ప్రణాళిక ప్రకటింపబడెను. ముల్కీ నిబంధనలు రద్దగుట, ప్రాంతీయ సంఘము పోవుట, రాష్ట్రమంతటను జిల్లాలను బట్టి స్థానికులకు రక్షణ, హైదరాబాదున కేంద్ర విశ్వవిద్యాలయము, ఉద్యోగుల తగవులకొక ట్రైబ్యునలు, వీని నన్నిటిని నిస్సంశయముగ నిలుపుటకు రాజ్యాంగ సవరణ అనునవి అందలి ముఖ్యాంశములు. ఈ సారి గడియను గుమ్మమునకే వేసిరి. ముప్పదిరెండవ సవరణ 1974 జూలై 1న అమలులోనికి వచ్చి, 371-డి, 371-ఇ అను రెండు అధికరణములను చేర్చెను. రాజ్యాంగమందలి మఱి యే నిబంధన యెట్లున్నను ఇది చెల్లునని 371-డి పదియవ ఖండము చెప్పుచున్నది. 1969లో కోర్టు చూపిన లోపమునకు ఇదియే జవాబు.

ఆ యధికరణము క్రింద రాష్ట్రపతి 1974లో కళాశాలల ప్రవేశములను గూర్చియు, 1975 అక్టోబరు 18న ఉద్యోగములను గూర్చియు ఉత్తర్వులిచ్చెను. సీట్లలో నూటికి 85 స్థానికులవి. గుమాస్తా స్థాయి కొలువులలో 80, పై తరగతి నాన్‌గెజిటెడు కొలువులలో 70, పేర్కొన్న కొన్ని గెజిటెడు పదవులలో 60 వంతులు స్థానికులకు. రాష్ట్రము ఆరు జోనులుగా విభజింపబడగా, ఉభయ గోదావరి జిల్లాలతో కూడి మన కృష్ణా రెండవ జోను అయ్యెను. కృష్ణ యావలి యొడ్డున నున్న గుంటూరు మూడవ జోనులోనికి పోయెను. ప్రకాశము బ్యారేజి దాటినంతనే స్థానికత మాఱుట వింతయే, కాని ఎచ్చటనో యొకచోట గీత గీయకతప్పదు.

ఇందులో మమ్ము మిక్కిలి యాకర్షించినది స్థానికుడెవరను నిర్వచనము. అర్హత పరీక్షతో ముగియు నాలుగేండ్లు వరుసగా నే ప్రాంతపు విద్యాసంస్థలలో చదివిన, ఆ ప్రాంతమునకు స్థానికుడు. అట్లు కుదరనిచో, ఏడేండ్లలో నెక్కువ కాలమెచ్చట గడచెనో చూడవలెను. మన బీరువాలోని నాలుగు నుండి పది వఱకు గల ఏడు తరగతుల పత్రములకు పుట్టుక యిచ్చట. చూడుడు, తండ్రి యెవరని ఈ యుత్తర్వు అడుగదు. కులమడుగదు. తాతల యూరడుగదు. నీవేబడిలో కూర్చుంటివని అడుగును. ఆడపిల్లను ఆమె మగనిబట్టి కాక ఆమె బడినిబట్టి గుర్తించును. ముల్కీ నిబంధనలకును దీనికిని ఏబదియైదేండ్ల దూరమే యున్నను, భావమున ఎంత దూరము! పార్లమెంటులో నెవరైనను ఈ మాట తలచి చేసిరో లేదో కాని, ఫలితమిది.

అట్లని దీనిని పొగడి విడువరాదు. గుడివాడలో చదివి వరంగల్లునకు కాపురమేగిన యువతిని తలచుకొనుడు. ఆమె కాపురము, బిడ్డలు, రేషను కార్డు వరంగల్లున. ఆమె స్థానికత మాత్రము కృష్ణా జిల్లాలో. అచ్చటి జిల్లా ఉపాధ్యాయ కొలువుకు ఆమె అన్యురాలు. ముల్కీ నిబంధన ఆమెను మగని నీడగా చేసి కొలువిచ్చెడిది. క్రొత్త యుత్తర్వు ఆమెను స్వతంత్రురాలిని చేసి కొలువు దూరము చేసినది. పెండ్లియైన స్త్రీయే యిల్లు మాఱవలెనను ఆచారము మనము మార్చకొనక, చట్టమునే తప్పుపట్టుట యెంతవఱకు న్యాయమో చదువరులే యాలోచింపవలెను.

ఇంక సవరణలో నొక దుష్ట ఖండము కలదు. ఉద్యోగుల తగవులు హైకోర్టునకు పోకుండ ప్రత్యేక ట్రైబ్యునలు తీర్చవలెనని మూడవ ఖండము. ట్రైబ్యునలు తీర్పు ప్రభుత్వము ధ్రువపఱచినప్పుడు గాని, మూడు నెలలు గడచినప్పుడు గాని అమలులోనికి వచ్చునని ఐదవ ఖండము. ఈ లోపల ప్రభుత్వము కారణములు వ్రాసి ఆ తీర్పును మార్చవచ్చును, లేదా రద్దు చేయవచ్చును! ట్రైబ్యునలులో ప్రతివాది యెవరు? ప్రభుత్వమే. బదిలీ యన్యాయమని, పదోన్నతి తప్పించిరని గుమాస్తా ప్రభుత్వముపై వ్యాజ్యము వేయును. సంవత్సరములు తిరిగి గెలుచును. ఓడిన ప్రభుత్వము ఆ తీర్పును చింపివేయును. కంచెయే చేను మేసినచో కాపువాడెవరికి మొఱపెట్టుకొనవలెను? ఇది సాధారణ చట్టములోని మాట కాదు, రాజ్యాంగములోని మాట. మఱి రాజ్యాంగమునే రాజ్యాంగవిరుద్ధమనుట యెట్లు?

దీనికి మార్గము వేఱొక కథలో నున్నది, అందులోను తెలుగువారి చేయి కలదు. రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తిగా 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున ప్రాథమిక హక్కులను తగ్గించు సవరణ పార్లమెంటు చేయజాలదని తీర్పు చెప్పిరి. 1973 ఏప్రిల్ 24న పదుమువ్వురు న్యాయమూర్తుల ధర్మాసనము కేశవానంద భారతి వ్యాజ్యమున ఆ తీర్పును సడలించి, ఏ యధికరణము నైనను సవరింపవచ్చును గాని రాజ్యాంగపు మూలస్వరూపమును చెఱుపరాదని నిర్ణయించెను. ముప్పదిరెండవ సవరణ వచ్చినది దాని తరువాతనే. 1986 డిసెంబరున పి. సాంబమూర్తిగారి వ్యాజ్యమున ప్రధాన న్యాయమూర్తి భగవతిగారి ధర్మాసనము ఐదవ ఖండమును ఆ గీటురాయిపై రుద్ది చూచెను. వ్యాజ్యమున కక్షిదారైన ప్రభుత్వము తన కెదురైన తీర్పును తానే రద్దుచేయుట చట్టబద్ధ పాలనకు విరుద్ధము, చట్టబద్ధ పాలన మూలస్వరూపములోనిది, కావున ఆ ఖండము చెల్లదు. పండ్రెండేండ్లు నిలిచిన మాట ఆ దినమున రాలిపోయెను. తక్కిన 371-డి నిలిచెను.

ఢిల్లీలో రెండు సభలును ఆమోదించి, రాష్ట్రపతి సంతకము చేసిన రాజ్యాంగ వాక్యమును మన రాష్ట్రపు ఉద్యోగులు కొందఱు వ్యాజ్యము వేసి కొట్టివేయించిరి. చెఱకు తోటలో నీరు పెట్టుకొను మన రైతులలో ఎందఱి బిడ్డలకు ఈ సంగతి తెలియును? ఇదే ట్రైబ్యునలు విషయమున 1978లో దీక్షితులుగారి వ్యాజ్యమున, న్యాయశాఖ ఉద్యోగులపై దానికి అధికారము లేదని సుప్రీముకోర్టు చెప్పియుండెను. 1997 మార్చి 18న ఎల్. చంద్రకుమార్ వ్యాజ్యమున, ట్రైబ్యునళ్లున్నను హైకోర్టు పరిశీలనాధికారమును తీసివేయరాదని ఏడుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. అంతకు నాలుగేండ్లు ముందే సకినాల హరినాథ్ వ్యాజ్యమున మన హైకోర్టు ఆ దారినే నడచియుండెను.

న్యాయస్థానము పదములను సరిచేయగలదు గాని ప్రభుత్వము చేత పని చేయింపలేని చోటులు కలవు. 1975 ఉత్తర్వునకు విరుద్ధముగ తెలంగాణ జోనులలో నియమింపబడిన స్థానికేతరులను వెనుకకు పంపవలెనని 1985 డిసెంబరు 30న ప్రభుత్వమే 610వ ఉత్తర్వు ఇచ్చెను. అది ఇరువదియేండ్లు గడచినను పూర్తిగా నెరవేరలేదని తెలంగాణమువారు మొఱపెట్టుకొనుచునే యుండిరి. ఆ మొఱ వినిపించినప్పుడెల్ల మన తీరమున వార్తాపత్రికలు దానిని రాజకీయమని కొట్టివేసినవి. 1972లో మన యవమానము మనకు తెలిసినది. వారి యవమానము తెలిసికొనుటకు మనకు 2014 కావలసివచ్చెను.

ఆ సంవత్సరము జూన్ 2న రాష్ట్రము రెండయ్యెను. విభజన చట్టము 371-డిని రెండు రాష్ట్రములకును వర్తించునట్లు మార్చెను. చిత్రమేమనగా, రాజ్యాంగ పాఠమును మార్చినను అది సవరణ క్రిందికి రాదు, నాలుగవ అధికరణము చొప్పున సాధారణ చట్టమే చాలును. ఆపై తెలంగాణము 2018లో తనకు వేఱు ఉత్తర్వు తెచ్చుకొని స్థానికుల వంతును 95కు పెంచెను. ఇచ్చట వేఱొక కథ నడచెను. రాజధాని హైదరాబాదు నుండి కృష్ణాతీరమునకు తరలివచ్చుచుండగా, సచివాలయపు ఉద్యోగులు తమ పిల్లల నేమి చేయవలెనని కలతపడిరి. ఆ పిల్లలు హైదరాబాదున చదివిరి గనుక, బెజవాడలో వారు స్థానికేతరులు! అప్పుడు 1975 ఉత్తర్వు మరల సవరింపబడెను. 2014 జూన్ 2 నుండి మూడేండ్లలోపల తెలంగాణము నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఏ ప్రాంతమునకైన తరలివచ్చినవారు ఆ ప్రాంతపు స్థానికులుగ నెంచబడుదురని 2016లో వెసులుబాటు కలిగెను. తరువాత ఆ గడువు పొడిగింపబడెను. నివాస నియమములు వలదని 1972లో రైళ్లాపిన పట్టణమే ఇప్పుడొక నివాస నియమమును కోరి తెచ్చుకొనెను.

ఆ కుటుంబములు అద్దె యిండ్లలో సామాను దింపుకొనుచున్న దినములలో మేము కొన్ని యిండ్లకు పోయితిమి. అట్టపెట్టెల పైన తల్లులు జాగ్రత్తగ విడిగా నుంచుకొన్న సంచులు కొన్ని కనబడెను. అందులో నాలుగవ తరగతి నుండి పదవ తరగతి వఱకు పత్రములుండెను. ముద్రలన్నియు హైదరాబాదు బడులవి.